ఆకుపచ్చ గళ్ల పిల్లలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు నన్నే పిలిచేవారు. వెతికిపెడతానని కాదు, ఎన్ని ఉండాలో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు గనుక. గద్వాలలో మాది నేత ఇల్లు. నూలు చుట్టిన కండెలు, దూలానికి వేలాడే నూలు చిలపలు, చివరికి పెరట్లో కోడిపిల్లలు కూడా నా లెక్కలోనే ఉండేవి. ఆడపిల్లలను బడికి పంపే రోజులు కావవి. గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ కూడికలూ గుణకారాలూ నాకు నేనే పట్టుకున్నాను. ఇప్పుడు యాభై దాటిన వయసులో కూడా మగ్గం మీద కొత్త పడుగు వేసే ముందు నిలువు పోగుల లెక్క సరిచూడమని మా వీధివాళ్లు నా దగ్గరికి వస్తారు. ఆ లెక్క వల్ల నాకు కొంత మర్యాద ఉంది. కానీ లెక్క అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ మర్యాద కాదు. మల్దకల్ తిమ్మప్ప జాతరలో నలుగురి ముందు తల వంచుకుని నిలబడిన పూట గుర్తొస్తుంది.

అప్పటికి నాకు పదేళ్లు. గద్వాల ఇంకా సంస్థానంగానే ఉన్న కాలం. మా పక్కింటి అక్కను వనపర్తి ఇచ్చారు. అక్కడ మామగారి దగ్గర చదవడం, రాయడం నేర్చుకుంది. పురిటికని పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టింది గాని దక్కలేదు. వెంటనే తిరిగి వెళ్లే మనసు లేక కొన్ని నెలలు ఇక్కడే ఉండిపోయింది. పొద్దువాలే వేళకు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ మా వీధి పిల్లలందరినీ చుట్టూ చేర్చుకునేది. అక్షరాలు నేర్పుతోందని పెద్దలు అనుకునేవారు. అక్షరాలు తర్వాత వచ్చాయి. ముందు అక్క మాకు మాటలు నేర్పింది.

ఆ నేర్పడం ఒక ఆటలా ఉండేది. అక్క ఒక బోడి వాక్యం మా మధ్య పడేసేది. "గాడిద వచ్చింది" అనేది, అంతే. ఆ గాడిద ఎలాంటిదో చెప్పే మాట ఒకటి చేర్చి, వరుసలో ఒక్కొక్కరూ ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పాలి. ఒకరు ముసలి గాడిద అంటే, పక్కవారు వీపు మీద పుండున్న ముసలి గాడిద అనాలి. ఆ తర్వాతి పిల్ల దానికి దుమ్ము పట్టించేది, ఇంకొకరు ఒక కాలు కుంటి చేసేవారు. అలా మాటలు చేరేకొద్దీ, అంతవరకూ ఎక్కడా లేని గాడిద ఒకటి మా మధ్యకు వచ్చి నిలబడేది. నా వంతు వచ్చేసరికి నేను "నాలుగు కాళ్ల గాడిద వచ్చింది" అనేదాన్ని.

"యాడి గాడిదకైన నాలుగేనే పిల్లా. గీ గాడిద ఎట్లాంటిదో జెప్పు," అనేది అక్క.

కాసేపు ఆలోచించి "రెండు గాడిదలు వచ్చినయి" అనేదాన్ని. పిల్లలంతా నవ్వేవారు. "ఒకదాని సంగతే తేలలే, ఇంకోదాన్ని తోలుకొచ్చినవా" అని అక్క కూడా నవ్వేది. కొన్నాళ్లకు అంకె చెప్పినవాళ్లు ఓడిపోయినట్టే అని ఒక నియమం పెట్టింది. అది నా ఒక్కదాని కోసమేనని నాకు తెలుసు. నాకు కోపం వచ్చింది. ఎలా ఉందో చెప్పడమంటే ఎవరి నోటికి వచ్చింది వాళ్లు చెప్పుకోవడమే, ఎన్ని ఉన్నాయో చెప్పడమే నిజం అని ఆ వయసులో నా గట్టి నమ్మకం. రెండు రెండ్లు నాలుగు అంటే కాదనేవాడు లేడు. గాడిద దిగులుగా ఉందంటే ఎవరు చూశారు?

ఈ ఆటలో ఎప్పుడూ గెలిచేది మా చిన్నాయన కొడుకు. వాడికి ఆరేళ్లు. పది వరకు లెక్కపెట్టమంటే ఆరు తర్వాత ఎనిమిదికి దూకేవాడు. "ఏడు మింగినోడా" అని పిలిచి వాడిని ఏడిపించేదాన్ని. వాడు ఏడ్చేవాడు కాదు, అదీ నాకు కోపమే. తన వంతు రాగానే "వానల తడిసి, ఎవరో తిట్టినట్టు చెవులు ఏలాడేసుకున్న గాడిద వచ్చింది" అనేవాడు. అక్క చేతిలో రాట్నం ఆగిపోయేది. వాడి వంక ఒకలా చూసేది. నన్ను అలా ఎప్పుడూ చూడలేదు.

ఆ ఏడు జాతర సమయానికి మా అమ్మ బాలింత. తమ్ముడు పుట్టి ఎన్నాళ్లో కాలేదు. అందుకని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. నాయన, నాయనమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, పక్కింటి అక్క, ఇంటి పిల్లలం కలిసి రెండు బండ్లలో బయలుదేరాం. నన్ను తీసేస్తే పిల్లలు ఏడుగురు. అందరిలో చిన్నది నా చెల్లె, నాలుగేళ్లది.

నాయనమ్మ ముందుగానే ఒక ఉపాయం చేసి పెట్టుకుంది. రంగు కుదరలేదని పక్కన పెట్టిన ఆకుపచ్చ గళ్ల చీర ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని కోయించి ఆడపిల్లలకు లంగాలు, మగపిల్లలకు చొక్కాలు కుట్టించింది. అంతమంది జనంలో మన పిల్లలు మనకు దూరం నుంచే తెలియాలని ఆమె ఆలోచన. నేత ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. మగ్గం మీద చెడిన గుడ్డ పిల్లల ఒంటి మీదికే వచ్చేది.

బయలుదేరేటప్పుడు అమ్మ గది గుమ్మం దాకా వచ్చి చెల్లెను నా చంకకెక్కించింది. "దీన్ని ఇడువకు బిడ్డా," అంది. నాయనమ్మ బండిలోంచి "పిల్లల లెక్క నీదే. ఏడుగురు. జర చూసుకుంట ఉండు," అంది. ఆ రెండు మాటల్లో నాకు రెండోదే చెవికెక్కింది.

మల్దకల్ చేరేసరికి బండ్లు విప్పడానికి చోటు దొరకడమే కష్టమైంది. పెద్దవాళ్లు దర్శనానికి వరుసలో నిలబడటానికి పోతూ పిల్లలను నాకు అప్పగించారు. అక్క కూడా వాళ్ల వెంటే వెళ్లింది. బండి తోలే తాత ఒక్కడు ఎద్దులకు మేత వేస్తూ అక్కడ మిగిలాడు. ఎదురుగానే రంగులరాట్నం తిరుగుతోంది, దాని పక్కన గాజుల దుకాణాలు, బత్తాసల దుకాణాలు. చెల్లె చంక దిగుతానని గింజుకుంటే దించాను. దూరం పోవద్దని అందరికీ చెప్పి, నేను బండి మీద కూర్చుని రంగులరాట్నం ఒక్కో విడతకు ఎంతమందిని ఎక్కించుకుంటోందో చూస్తూ ఉన్నాను. మధ్యమధ్య తల తిప్పి ఆకుపచ్చ గళ్లు లెక్కపెట్టాను. ఏడు. కొంతసేపాగి మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడూ ఏడే. ఎన్నిసార్లు చూసినా సరిపోయింది గనుక నాకు ఏ బెంగా కలగలేదు.

ఆకలి వేళకు అందరినీ పిలిచి సద్ది మూట విప్పాను. జొన్నరొట్టెల మీద పల్లీల పచ్చడి పెట్టి వరుసగా ఒక్కొక్కరి చేతికీ ఇస్తూ వచ్చాను. చివరి చేతిలో రొట్టె పెట్టబోతే ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"నాకొద్దు. మా అమ్మ యాడ?" అంది.

అప్పుడు చూశాను దాని ముఖం. అది మా చెల్లె కాదు.

తర్వాత తెలిసింది. రంగు కుదరని ఆ పడుగు మీద నేసిన చీరలు రెండు. రెండోదాన్ని నాయనమ్మ వెనక వీధిలో ఉండే తన తమ్ముడి ఇంటికి ఇచ్చింది. వాళ్లూ పిల్లలకు అదే గుడ్డ కుట్టించి, ఆ రోజే వాళ్ల బండిలో జాతరకు వచ్చారు. వాళ్ల పిల్ల ఒకతి ఆడుకుంటూ వచ్చి మా పిల్లల్లో కలిసింది. మా పిల్ల ఎప్పుడో, ఎటో వెళ్లిపోయింది. ఒకతి పోయి ఒకతి వచ్చింది గనుక నా లెక్క చెదరలేదు. నేను గళ్లనే లెక్కపెట్టాను, పిల్లలను కాదు.

బండి తాత పరుగున పోయి నాయననూ చిన్నాయననూ నాయనమ్మనూ వెనక్కి పిలుచుకొచ్చాడు. బండ్లు విప్పిన చోటికి వెనక చుట్టూ గట్టు లేని బావి ఒకటి ఉంది. సంగతి వినగానే నాయన ఆ బావి వైపు పరుగెత్తాడు. కాసేపటికి నీళ్లలోకి మనిషి దూకిన చప్పుడు మాకు వినబడింది. నాయనమ్మ బండి చక్రం పట్టుకుని కూలబడిపోయింది. ఆ చప్పుడు విన్నాకే చెల్లె ఇక దొరకకపోవచ్చునన్న ఆలోచన నాకు మొదటిసారి వచ్చింది.

జాతరల్లో పిల్లలు తప్పిపోతే డప్పు కొట్టి చాటే పెద్దాయన ఒకడు ఉండేవాడు. బండి తాత వెళ్లి అతన్ని తీసుకొచ్చాడు. పిల్ల ఎవరితో ఉందని అతను అడిగితే అందరూ నన్ను ముందుకు తోశారు.

"ఎట్లుంటది బిడ్డా మీ చెల్లె?"

"నాలుగేండ్లు. ఆకుపచ్చ గళ్ల లంగ," అన్నాను.

"ఇంకేంది?"

ఇంకేమీ నా నోటికి రాలేదు. అతను ఆ రెండు ముక్కలనే చాటుకుంటూ రంగులరాట్నం చుట్టూ తిరిగి వచ్చాడు. జనం మంచివాళ్లు. కాసేపటికే ఒకామె ఆకుపచ్చ గళ్ల పిల్లను ఎత్తుకొచ్చింది. అది నాయనమ్మ తమ్ముడి ఇంటిదే ఇంకో పిల్ల. మరొకాయన ఇంకో పిల్లను చెయ్యి పట్టి తెచ్చాడు. అది మా చిన్నమ్మ రెండో కూతురే, వేడుక చూద్దామని అటు వెళ్లింది. కాసేపటికి మొదట ఆమె ఎత్తుకొచ్చిన పిల్లనే ఇంకెవరో మళ్లీ తీసుకొచ్చారు. చుట్టూ గుంపు పెరిగింది.

"ఏందవ్వా, మీ ఇంట్ల పిల్లలను గుడ్డ తాను లెక్క పరిచి కోస్తరా?" అన్నాడు గుంపులో ఒకాయన.

"కోసినా కోసిండ్రు, కొలత ఒక్కటే వెట్టిండ్రు," అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు. పాపం, వాళ్లకు బావి దగ్గర ఏం జరుగుతోందో తెలియదు. నా చెవులు మండిపోయాయి. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికి అక్కా చిన్నమ్మా గుడి దగ్గర నుంచి పరుగున వచ్చారు. అక్క గుంపును తోసుకుని వచ్చి, చామనచాయ పిల్ల, ఉంగరాల జుట్టు, మొలకు నల్లదారం అని చెప్పింది. డప్పు పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "జాతరల సగం పిల్లలు గట్లనే ఉంటరు తల్లీ," అన్నాడు.

అక్క నా ముందు మోకాళ్ల మీద కూర్చుని నా రెండు భుజాలూ పట్టుకుంది. గొంతు మాత్రం సాయంత్రాలు రాట్నం దగ్గర ఉన్నట్టే మెల్లగా ఉంది.

"నీ చంకల పెరిగిన పిల్లనే అది. భయమైతే ఏం జేస్తది? నిద్రొస్తే ఎట్లుంటది? గది నువ్వు జెప్పాలె. నాకు తెల్వదు."

అందరూ నా వంకే చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. "నాలుగేండ్లు" అన్నాను మళ్లీ. ఆ మాట నా చెవికే పరాయిగా వినిపించింది. దాని నోట్లో పళ్లెన్నో నాకు తెలుసు. పుట్టి ఎన్ని నెలలకు నడిచిందో, పొద్దున ఎన్ని ముద్దలు తిన్నదో తెలుసు. అది నవ్వితే ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక్క మాట లేదు. రోజూ మోసిన పిల్ల. నా మెడ చుట్టూ చేతులు వేసి నిద్రపోయిన పిల్ల. దాన్ని ఏనాడూ చూడలేదని అంతమంది ముందు నాకు తెలిసింది.

అప్పుడు అక్క వెనక నుంచి చిన్నాయన కొడుకు మాట్లాడాడు. వాడి చేతిలో నేనిచ్చిన రొట్టె సగం కొరికినది అలాగే ఉంది.

"అది నిద్రొస్తే లంగ కొస నోట్ల పెట్టుకొని నములుతది," అన్నాడు. "ఎవరన్న జూస్తే మోచేయి మొకానికి అడ్డం పెడ్తది, దాని సందుల్నుంచి దొంగసూపు జూస్తది. పేరు వెట్టి పిలిస్తే పలుకది. పిల్లిని పిలిచినట్టు పిలిస్తే వస్తది."

గుంపులో నవ్వు ఆగిపోయింది. డప్పు పెద్దాయన వాడి చేత ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత ఒక్క మాట కూడా మార్చకుండా అదే చాటుకుంటూ పోయాడు. లంగ కొస నమిలే పిల్ల, మోచేయి సందునుంచి దొంగచూపు చూసే పిల్ల, పిల్లి పిలుపుకు వచ్చే పిల్ల. ఆ కేక దూరమవుతుంటే నా చెల్లె నా కళ్ల ముందు నడిచి పోతున్నట్టే ఉంది. ఆ మాటలన్నీ నిజమని నాకు తెలుసు. విన్నాక తెలుసు.

గాజుల దుకాణాలకు అవతల బొరుగులమ్మే ఒకామె ఆ కేక విని లేచి నిలబడిందట. డప్పు పెద్దాయన వెంట మేమంతా వెళ్లేసరికి ఆమె మూటల సందులోంచి గొంగడి పక్కకు తీస్తోంది.

"గీ పిల్లనేనా సూడుండ్రి," అంది. "పక్క దుకాణమోళ్ల పిల్ల అనుకున్న. సల్లగుందని గొంగడి గప్పిన. గళ్లో గీతలో ఎవరు జూసిండ్రు? లంగ కొస మాత్రం నోట్లకెల్లి తియ్యనే తియ్యలే."

నాయన వచ్చాడు. తడిసిన ధోతి కాళ్లకు అంటుకుని ఉంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వంగి చెల్లెను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నాయనమ్మ బొరుగులామె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె మా చిన్నాయన కొడుకు చొక్కా ఒడిలో నిండా బొరుగులు పోసింది. వాడు వాటిని తీసుకొచ్చి ముందు నాకే పెట్టాడు. తీసుకోకుండా ఉండలేకపోయాను. తీసుకున్నాక నోట్లో వేసుకోలేకపోయాను.

ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లవారాక బండ్లు కట్టాం. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే అంత బరువుగా ఉండేది కాదు. బాలింతకు బెదురు తగలకూడదని, ఇంట్లో అమ్మకు ఏమీ చెప్పొద్దని నాయన అందరికీ చెప్పాడు.

అక్క బండిలో నా పక్కనే కూర్చుంది. చాలా దూరం వచ్చాక నా వైపు తిరగకుండానే, దారి వంక చూస్తూ చెప్పింది.

"నా బిడ్డ సంగతి ఎవరడిగినా 'మూడు దినాలు బతికింది' అంటరు మా ఇంట్ల. అంతే. ఎట్లుండెనే అని ఒక్కరు అడుగలే. గోర్లు నూకగింజల లెక్క ఉండె. ఆవులిస్తే నోరు గుండ్రంగ తెరిచేది, పొద్దంత పనిజేసి అలిసిన ముసలామె ఆవులించినట్టు. గిది నేను జెప్పుకోకపోతే గా పిల్ల ఉన్నట్టే లోకానికి తెల్వది."

అక్క ప్రతి సాయంత్రం మా మధ్యకు గాడిదనూ, కాకినీ, ముసలామెనూ ఎందుకు పిలిచేదో, వాటికి ఒక్కో మాట ఎందుకు తొడిగించేదో ఆ బండిలో నాకు కొంచెం అర్థమైంది. మిగతాది పెద్దయ్యాక అర్థమైంది. మాకు మాటలు రావాలని కాదు ఆమె ఆరాటం. మేము ఏదీ చూడకుండా దాటిపోతామని భయం.

నాయన మాట ముందుగా ఎవరికి చేరాలో ఆ పిల్లకే చేరలేదు. ఇంటి ముందు బండి ఆగగానే, చెల్లె నా చంకలో నుంచే "అమ్మా, నేను తప్పిపోయిన. బొరుగులు తిన్న," అని గట్టిగా చెప్పేసింది. గుమ్మంలో ఉన్న అమ్మ ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చింది. నాయన ఎద్దుల మెడలు విప్పడంలో మునిగిపోయాడు. అమ్మ గదిలోకి వెళ్లి కూర్చుని చెల్లెను ఒళ్లోకి తీసుకుంది. కాళ్లూ చేతులూ తడిమి చూసింది. లంగా కొస ఇంకా తడిగానే ఉంది.

అమ్మ కోప్పడుతుందని నేను ఎదురుచూశాను. అమ్మ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

"దొరికినప్పుడు ఎట్లుండెనే దీని మొకం? ఏడ్చిందా, నవ్విందా? మిమ్ముల జూసి ఏమన్నది?"

తప్పు పట్టడానికి అడిగిన మాట కాదది. బిడ్డ పోయి దొరికిన పూట తాను దగ్గర లేదు. ఆ ఒక్క క్షణాన్నైనా నా కళ్లతో చూడాలనుకుంది. నాయన చెల్లెను ఎత్తుకున్నప్పుడు అందరికన్నా దగ్గరగా ఉన్నది నేనే. కానీ చెల్లె నాయన చేతుల్లోకి రాగానే నేను వెనక్కి తిరిగాను. మా పిల్లలందరినీ వరుసగా చూసి లెక్కపెట్టుకున్నాను. ఏడుగురు. సరిపోయింది. ఆ ఊరటలో మళ్లీ ఇటు తిరిగేసరికి చెల్లె నాయన భుజంలో ముఖం దాచేసుకుంది.

"చూడలే అమ్మా," అన్నాను.

అమ్మ నా వంక కొంచెంసేపు చూసింది. "సరే తియ్," అని చెల్లె ముఖం తుడవడంలో పడిపోయింది.

అక్క ఆ వేసవిలోనే వనపర్తి వెళ్లిపోయింది. వెళ్లేవరకు ప్రతి సాయంత్రం రాట్నం దగ్గర కూర్చున్నాను. నా మాటలు ఎప్పుడూ మా చిన్నాయన కొడుకు మాటలంత బాగుండేవి కావు గాని, చెప్పడానికి ముందు చూడటం మాత్రం పట్టుబడింది. నాతో ఉన్న మనుషులను ఆ తర్వాత జాగ్రత్తగా చూసుకున్నాను. చివరి రోజుల్లో నాయన నీళ్ల చెంబు రెండు చేతులతో ఎలా పట్టుకునేవాడో, తమ్ముడు అబద్ధం చెప్పేటప్పుడు మెడ ఎలా రాసుకునేవాడో ఎవరడిగినా చెప్పగలను. నా దగ్గర ఎక్కాలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలను ఇంట్లో వాళ్ల తమ్ముడో చెల్లెలో ఎలా ఉంటారో ముందు చెప్పమంటాను. కొందరు నోరు తెరిచి అలాగే ఉండిపోతారు. వాళ్ల మీద నాకు కోపం రాదు.

చెల్లెకు ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నారు. ఆ సంగతి ఎత్తితే నవ్వుతుంది. బొరుగులు తప్ప ఏమీ గుర్తులేదంటుంది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంకోసారి ఆ మాట నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉన్నా, చెల్లె దొరికినప్పటి ముఖం నా దగ్గర లేదు.